అమ్మ ఇచ్చిన దుంప

నేను బడిలో పాతికేళ్ళు మొక్కల పాఠం చెప్పినవాణ్ణి. మూడు నెలలకని కూతురి దగ్గరికి వెళ్తూ మా ఆవిడ ఒక్కటే చెప్పింది: "అత్తయ్య ఇచ్చిన అమరిల్లిస్ పూలదుంప కుండీలో నిద్రపోతోంది. నీళ్ళు పోయకండి."

నాకే పాఠమా అనుకుని రోజూ చెంబుడు పోశాను. వారం తిరక్కుండానే దుంప కుళ్ళింది. పోయిన అమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే.

నర్సరీకి పరుగెత్తి, మరో దుంప తెచ్చి అదే కుండీలో పాతాను. ఆవిడ వచ్చేనాటికి పూసింది, తెల్లగా. మా పాతది ఎరుపు.

"ఎండ తగలక రంగు వెలిసింది," అన్నాను, శాస్త్రం తెలిసినవాడిలా.

ఆవిడ నా పక్కన కూర్చుంది. "అత్తయ్య ఇచ్చింది పెళ్ళైన ఏడాదే నా చేతిలో కుళ్ళిపోయిందండీ. ఎరుపుది నేను కొన్నది."

నేను కుండీ వైపు తిరిగాను.

"అసలుది గులాబీరంగు," అంది. "మీరే గమనించలేదు."