లేత గుగ్గిలం

నీళ్ళు చొరకుండా పడవ అడుగున కొత్తగా పూసిన గుగ్గిలాన్ని ఎవరో ఆడమనిషి గోటితో గీకుతోంది.

"ఏమ్మా, దురదగా ఉంటే నీ చెయ్యి గోక్కో. మా పడవెందుకు?" అంది పడవ మేస్త్రి భార్య.

వచ్చినావిడ గీకిన ముక్కను నమిలి చూసి, ఉమ్మేసింది.

"దీన్ని నీళ్ళలోకి ఎప్పుడు దింపుతున్నారు?"

"ఇప్పుడే. మా తమ్ముడు మొదటిసారి సొంత పడవలో వేటకు వెళ్తున్నాడు."

"వద్దమ్మా. ఇది లేత గుగ్గిలం."

మేస్త్రి భార్యకు ఒళ్ళు మండింది. నూనెలో గుగ్గిలం కరిగించింది తనే. చుక్కను చన్నీళ్ళలో వేసి, పాకం చూసినట్టు వేళ్ళతో నలిపి మరీ దించింది.

"నా చేత్తో కాచాను. పాకం బాగానే కుదిరింది."

"తప్పు నీ చేతిలో లేదు తల్లీ. ముదురు చెట్టుకు గాటు పెడితే, జిగురు బొట్టు బొట్టుగా కారి, నెలల తరబడి ఎండి గాజులా గట్టిపడాలి. ఇది పిల్లచెట్ల మొదట్లో మంట పెట్టి పిండింది. ఒడ్డున బాగానే ఉంటుంది. నాలుగు గంటలు ఉప్పునీళ్ళలో నానితే పెచ్చులుగా ఊడుతుంది."

మేస్త్రి పకపకా నవ్వాడు.

"తలుపులకు మెరుగు పెట్టాను, దోమలకు పొగ వేశాను, వంద పడవలకు పూశాను. గుగ్గిలం నమిలి జాతకం చెప్పేవాళ్ళను మాత్రం ఇవాళే చూస్తున్నాను!"

"ఎవరు పంపారు నిన్ను? ఈ గుగ్గిలం అమ్మిన మా షావుకారంటే గిట్టనివాళ్ళా?" అంది భార్య.

వచ్చినావిడ తల దించుకుంది.

"నేనెవరో అడక్కండి. రెండు రోజులు ఆగండి. ముదురుది నేను తెచ్చిస్తాను."

"ఓహో, బేరానికి వచ్చావా!"

తమ్ముడు వల భుజాన వేసుకుని వచ్చాడు.

"అక్కా, ఇంకా ఏం ముచ్చట్లు? అందరూ వెళ్ళిపోయారు."

ఆమె పడవకు అడ్డంగా నిలబడింది. మేస్త్రి భార్య ఆవిడ రెక్క పట్టుకుని లాగి, రోడ్డు దాకా తోసుకుంటూ వెళ్ళి వదిలేసింది. తిరిగొచ్చేసరికి తమ్ముడు అలలు దాటి చెయ్యి ఊపుతున్నాడు.

సాయంత్రం పడవలన్నీ వరసగా తిరిగొచ్చాయి. చివరి పడవ మనిషి మేస్త్రి భార్య మొహం చూడలేకపోయాడు.

"మీ తెడ్డు ఒక్కటే దొరికిందక్కా."

ఆమె ఇసుకలో కూలబడింది.

అప్పుడే గుగ్గిలం అమ్మిన షావుకారు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండానే మొదలుపెట్టాడు.

"పొద్దున ఒకావిడ వచ్చి నా సరుకు గురించి ఏమైనా వాగిందా? పట్టించుకోకండి, మా ఆవిడకు నోరు అదుపులో ఉండదు."