ఏడు లెక్కల కార్డు

"ముందీ డీవై ఎవడో, డీఎక్స్ ఎవడో చెప్పండి," అంటూ ఎస్సై వెంకటప్పయ్య పోస్టుకార్డు బల్ల మీద పడేశాడు.

తిరువూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే సుందరరావు కళ్ళజోడు సర్దుకుని కార్డు అందుకున్నాడు. గుమ్మం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య అంకారావు నిలబడి ఉన్నాడు. పత్తి మిల్లులో గుమాస్తా. రెండేళ్ళ కిందట ఇదే క్లాసు గదిలో చదివి, లెక్కల్లో తప్పాడు. కార్డు వాడి జేబులో దొరికింది.

ఎమర్జెన్సీ రోజులు. ఒకసారి లోపలికి తీసుకెళ్తే ఎప్పుడు వదులుతారని అడిగే దిక్కు లేదు. వాడి తల్లి రావమ్మ గేటు బయట నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. ఆమెకి వాడొక్కడే.

కార్డు గంపలగూడెం నుంచి వచ్చింది. క్షేమమా అని ఒక్క ముక్క లేదు. కింద సంతకమూ లేదు. ఉన్నవల్లా ఏడు వరసలు. ప్రతి వరసలోనూ డీవై బై డీఎక్స్ అనీ, లాగ్ అనీ ఏదో రాసి, చివర ఒక జవాబు వేసి ఉంది.

సుందరరావు పైనుంచి కిందిదాకా చదివాడు. ఇంకోసారి చదివాడు.

"వీళ్ళు మనుషులు కాదండీ. ఇవి అవకలనం లెక్కలు. సహజ సంవర్గమానాలకి అవకలనం కనుక్కోవడం. ఇంటర్ పాఠమే."

వెంకటప్పయ్యకి నమ్మకం కుదరలేదు. ఆ మాటకొస్తే ఆయన ఇంట్లో కాఫీని కూడా వాసన చూసిగానీ తాగడు. పత్తి తూకాలు రాసుకునేవాడికి ఈ చదువెందుకని అడిగాడు. సెప్టెంబరులో మళ్ళీ పరీక్షకి కడుతున్నాడని సుందరరావు చెప్పాడు. మరి సంతకం ఎందుకు లేదన్నాడు ఎస్సై. హోంవర్కు కింద ఎవరైనా సంతకం పెడతారా అని ఈయన విసుక్కున్నాడు. గంపలగూడెం నుంచి పంపిందెవరంటే, తన దగ్గర చదివి పాసైనవాళ్ళు ఊరికి పదిమంది ఉన్నారనీ, ఎవరని చెప్పేదనీ ఎదురడిగాడు.

అయినా ఎస్సై అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. కార్డు వెనక్కి లాక్కుని, నాలుగో వరసలో జవాబు మీద బొటనవేలు అడ్డం పెట్టాడు.

"దీన్ని బోర్డు మీద చేసి చూపించండి మాస్టారూ. మీకొచ్చిందీ ఇందులో ఉన్నదీ ఒకటైతే వదిలేస్తా. తేడా వచ్చిందా, వాడితోపాటు మీరూ జీపెక్కుతారు."

అంకారావు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. సుందరరావుకీ భయమేసింది. గవర్నమెంటు ఉద్యోగం, ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు. జీపెక్కితే రెండో రోజుకి ఉద్యోగం ఉండదు. అయినా లేచి సుద్దముక్క తీసుకున్నాడు.

లాగ్ 7ఎక్స్ అని రాశాడు. రోజూ పాఠం చెప్పే గొంతుతోనే, లాగ్ ఎక్స్‌కి అవకలనం ఒకటి బై ఎక్స్ అనీ, ఇక్కడున్న ఏడు వచ్చి పైన కూర్చుంటుందనీ వివరించాడు. మధ్యలో సుద్ద విరిగి కిందపడింది. వంగి తీసుకుని, ఏడు బై ఎక్స్ అని రాసి కింద గీత గీశాడు.

ఎస్సై వేలు తీశాడు. కార్డులోనూ ఏడు బై ఎక్స్. ఊరుకోకుండా ఆరో వరస కూడా చేయించాడు. అదీ కలిసింది. ఇంకోదానికి ఆయనకే ఓపిక లేకపోయింది.

"ఎవర్నీ నమ్మొద్దని పైనుంచి మాకు ఒకటే పోరండీ. ఏమనుకోకండి," అని కార్డు అంకారావు చేతిలో పెట్టాడు. ఈసారైనా పాసవ్వమని వాడికి చెప్పి, కానిస్టేబుళ్ళని తీసుకుని జీపెక్కాడు.

అంకారావు వచ్చి మాస్టారి కాళ్ళ మీద పడబోయాడు. సుందరరావు వాణ్ణి పట్టించుకోకుండా ముందు బోర్డంతా తుడిచేశాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, జీపు విస్సన్నపేట రోడ్డు ఎక్కేదాకా చూశాడు. అప్పుడు గొంతు తగ్గించి అన్నాడు.

"రహస్యాలు రాసేవాళ్ళని ఇకనైనా జవాబులు సరిగ్గా వెయ్యమనరా, ఆ ఏడింటిలో ఒక్కటీ ఒప్పు కాదు."