బెరడు లేని వేర్లు

"నేను సంతకం పెట్టను సార్" అంది కెమిస్టు. ఆ అమ్మాయి మందుల ఫ్యాక్టరీలో చేరి మూడు నెలలు కూడా కాలేదు.

మేనేజరుకి చిర్రెత్తుకొచ్చింది. "గేటు దగ్గర లారీడు సర్పగంధ వేర్లున్నాయి. వాటిని పొడి కొట్టకపోతే రేపు బీపీ మాత్రల తయారీ ఆగిపోతుంది. ఆ పెద్దాయన పదేళ్లుగా సరుకిస్తున్నాడు, ఒక్కరూ వంక పెట్టలేదు. చూడు, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి!"

"అదే సార్ తంటా. కడగడం కాదు, బెరడంతా గీకేశారు. రక్తపోటు తగ్గించే ఆల్కలాయిడ్ ఎక్కువగా ఉండేది ఆ బెరడులోనే."

ఆమె లైటు ఆర్పి, పాత, కొత్త వేర్ల రసం చుక్కలు పెట్టిన గాజు పలక మీదికి యూవీ ల్యాంపు తిప్పింది. పాత సరుకు చుక్క పసుపుపచ్చగా ధగధగలాడింది. కొత్త సరుకు చుక్క ఉందో లేదో అన్నట్టుంది.

"ఈ మాత్ర వేసుకున్నవాళ్లు మందు పడిందని ధీమాగా ఉంటారు సార్. పోటు మాత్రం దిగదు."



అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. పెద్దాయన! ముఖం కందగడ్డలా ఉంది.

"నా సరుకు వద్దన్నదెవరు?"

మేనేజరుకి ఆయనంటే భయమే. అయినా ఎందుకో ఆ అమ్మాయికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. "నేనేనండీ."

"సార్ కాదండీ, నేను" అంటూ ఆమె ముందుకొచ్చి పలక చూపించింది.

పెద్దాయన పలకని చూశాడు. ఆమెని ఎగాదిగా చూశాడు. పెదవులు అదిరాయి. ఇక పిడుగు పడుతుందనుకున్నాడు మేనేజరు.

"వేర్లు తోమే మిషను కొత్తగా కొన్నాను" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "నున్నగా ఉంటే మీరు మెచ్చుకుంటారనుకున్నా. తప్పు నాదే. లారీ తిప్పేయమనండి. వారంలో బెరడుతో సహా తెస్తాను."

ఆయన విసవిసా మెట్ల వైపు నడిచాడు.

మేనేజరు ఛాతీ రెండింతలైంది. ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని 'తిరస్కరించడమైనది' అని రాసి, కింద ముందు తనే సంతకం గీకాడు. "శభాష్ అమ్మాయ్! ఆయన్ని ఎదిరించి నెగ్గినవాళ్లని ఇంతవరకు చూడలేదు!"

ఆ మెప్పు ఆమె చెవిన పడనేలేదు. అప్పటికే వరండాలోకి పరిగెత్తి, మెట్ల మీదికి వంగి కేకేస్తోంది.

"మెల్లగా దిగండి! పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా, నాన్నా?"