పడటం మర్యాద

ఆదివారం ఉదయం పదిన్నరకు జపాన్‌లోని యొనాగో ఊళ్ళో, ఐకిడో అనే యుద్ధవిద్య నేర్పే ఒక శిక్షణశాలలో కుసకబె గురువుగారు మణికట్టు పట్టి తిప్పితే, ఇసోబె అనే శిష్యురాలు కింద పడలేదు.

గురువుగారి వయసు ఎనభై మూడు. ఆయన మరోసారి తిప్పారు. ఆమె మోకాలు కూడా వంగలేదు. చాపల మీద వరసగా కూర్చున్న శిష్యులు కదలలేదు. గురువుగారు ఆమె చేయి వదిలి, వంగి నమస్కరించారు.

"ఇవాళ్టికి చాలు" అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

తలుపు మూసుకోగానే శిష్యుల వరసలోంచి తమాకి లేచాడు.

"ఏమ్మా, మీ ఊళ్ళో నేల మరీ గట్టిగా ఉంటుందా? పడ్డానికంత భయమేంటి?"

ఇసోబె ఈ ఊరికి కొత్త. ఉద్యోగం బదిలీ అయి ఈ ఊరొచ్చి, ఈ నెలే ఇక్కడ చేరింది.

"పట్టు తగల్లేదా?" అని అడిగాడు ముకాయ్. శిష్యులందరిలో పెద్దవాడు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు.

"తగల్లేదండీ."

"మా అందరికీ తగుల్తోందే మరి!" అన్నాడు తమాకి.

"నీ సంగతి చెప్పకు. ఆయన చెయ్యెత్తకముందే దొర్లుతావు" అంది వెనక నుంచి ఒకామె. ఎవరో నవ్వబోయి ఆగారు.

ముకాయ్ గొంతు తగ్గించాడు.

"చూడమ్మా. తుంటి ఆపరేషనైన దగ్గర్నుంచి ఆయన నడుములో బలం లేదు. మాకు తెలీదనుకుంటున్నావా? మేం పడితే ఆయన గురువుగా నిలబడతారు. అంతే."

"నిజంగా పట్టుకో, నిజంగా పడు. చేరిన రోజు ఆయన నాకు చెప్పిన మొదటి మాట అదేనండీ."

 ఆ మాట ఆయన ముకాయ్‌కీ చెప్పారు, అతనికింకా జుట్టు నల్లగా ఉన్నప్పుడు. క్లాసు అయ్యాక గురువుగారు వేసుకునే వెడల్పాటి కుచ్చుల లాగు మడత పెట్టడం పెద్ద శిష్యుడి పని. మడత పెడుతుంటే ఆయన ప్రతి వారం ఒకటే అడిగేవారు: "ముకాయ్, నా పట్టు పనిచేస్తోందా?" ముకాయ్ మడతల మీద నుంచి తల ఎత్తకుండా "ఎప్పటిలాగే ఉంది గురువుగారూ" అనేవాడు.

"వచ్చే నెల నగర భవనంలో ప్రదర్శన ఉంది, తెలుసుగా?" అన్నాడు తమాకి. "ఊళ్ళో వాళ్ళందరి ముందూ ఆయన మీదికి వెళ్ళేది మనమే. అక్కడ కూడా ఇలాగే నిలబడతావా?"

"పట్టు తగలకపోతే నిలబడతానండీ."

"అయితే రేపట్నుంచి రాకు" అన్నాడు ముకాయ్.

ఇసోబె అందరికీ వంగి నమస్కరించింది. తను నిలబడ్డ చాపను తడిగుడ్డతో తుడిచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ముకాయ్ గురువుగారి గది తలుపు తీశాడు. లాగు అప్పటికే మడత పెట్టి ఉంది. మడతలు వంకరగా ఉన్నాయి. గురువుగారు ఫోను పక్కన కూర్చుని ఉన్నారు.

ముకాయ్ నుదురు చాపకు ఆనించాడు.

"క్షమించండి గురువుగారూ. తప్పు నాది. చేర్చుకునేటప్పుడే ఆమెకు పద్ధతి చెప్పాల్సింది."

"ఏ పద్ధతి?"

ముకాయ్ తల ఎత్తి వంకర మడతల వైపు చూశాడు.

"ప్రదర్శనకి రావట్లేదని నగర భవనం వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేశాను" అన్నారు గురువుగారు.

"అయ్యో! ఆమె మర్యాద తెలీని మనిషి గురువుగారూ. మీ పరువు తీసింది. ఇక రావద్దని పంపించేశాను."

"వెనక్కి పిలువు."

"ఇంతమందిలో మిమ్మల్ని అలా నిలబెట్టినదాన్నా?"

గురువుగారు వంకర మడతను వేలితో సరిచేశారు.

"పట్టు తగలకపోతే పడొద్దని నిన్న నేనే ఆమెను బతిమాలాను."