బడి తరఫున రెండు పేజీలు

“చదివేదెవరో ముందు తేల్చండి. రాయడం తర్వాత,” అన్నాడు న్యార్కో సార్.

వరండాలో నేలమీద కూర్చున్న ముగ్గురు పిల్లలూ మొహమొహాలు చూసుకున్నారు. రాయాల్సింది పెద్దాయన సంస్మరణ పుస్తకంలోకి. ముందు కుటుంబం, తర్వాత చర్చి, ఆ తర్వాత బడి తరఫున రెండు పేజీలు. నున్నటి కాగితం, రంగుల ఫోటోలు. మాంపాంగ్ ఊళ్లో అంత్యక్రియలకి వెళ్లిన జనం భోజనం తర్వాత ఎగబడేది ఆ పుస్తకాల మీదే.

“ఊరంతా చదువుతారు సార్,” అన్నాడు బఫూర్.

“ఊరంతా అంటే ఎవడూ కాదురా. ఒక్క మనిషిని పట్టుకో. సంతాపానికి ఎర్రబట్ట చుట్టుకున్న ఆవిడ. పొద్దుట్నుంచీ టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉడికిపోతోంది. పాస్టరు ప్రసంగం ఆపడు. జొలోఫ్ అన్నం వాసనే గానీ పళ్లెం రాదు. మీ పుస్తకంతో విసురుకుంటోంది. ఆవిడ విసురుకోవడం ఆపి చదవాలి. చేతనవుతుందా?”

ముగ్గురిలో చివర కూర్చున్న సెర్వాకి ఆ ఆవిడ బాగా తెలుసు. సంతలో తను కనపడగానే డబ్బుసంచి దగ్గరికి లాక్కునే ఆవిడే.

పెద్దాయన హెడ్మాస్టరుగా ఉన్నప్పటి సంగతి. పరీక్ష పేపరు మాయమైంది. బడి మొత్తం చూస్తుండగా సెర్వాని నిలబెట్టి బెత్తంతో బాదాడు. ఆ పిల్ల తీయలేదు. తీసినవాడు తర్వాత పెద్దాయన దగ్గరికే వెళ్లి ఏడ్చి ఒప్పుకున్నాడు. అయినా మహానుభావుడు నోరు విప్పలేదు. హెడ్మాస్టరే తప్పు చేశాడంటే బడి పరువేం కాను? దాంతో సెర్వా ‘పేపరు దొంగ’గానే మిగిలిపోయింది.

ఈ పుస్తకాలు ఇంటింటా టీవీ పక్కన ఏళ్ల తరబడి పడుంటాయి. అందులో నాలుగు వాక్యాలు పడితే చాలు, ఆ పేరు చెరిగిపోతుంది. కానీ సంస్మరణ పుస్తకంలో ఎంతటి దుర్మార్గుడైనా దేవుడే. అక్కడ నిజం రాస్తే ఎవరు ఊరుకుంటారు?

“ఇంకో మాట,” అన్నాడు సార్, వీపు వెనక దిండు సర్దుకుంటూ. “ఇక్కడ ‘ఆయన’ అనే అనాలి. ‘ఉండేవాడు’ అనే రాయాలి. నసిగినవాళ్లు లేచి ఇంటికి పొండి. ఆచియా, నువ్వు కానీ.”

ఆచియా గొంతు సవరించుకుంది. “‘ఆయన మా అందరికీ తండ్రి లాంటివాడు. మృదుభాషి. చేతికి ఎముక లేని దాత...’”

“ఎవరూ, పెద్దాయనే?” సార్‌కి నవ్వొచ్చి, నవ్వు దగ్గయింది. “పెళ్లి భోజనంలో మిగిలిన కోడికాళ్లు జేబులో వేసుకొచ్చిన పిసినారి! మృదుభాషా? ఆయన కేకకి పక్క వీధి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. కొట్టెయ్!”

బఫూర్ కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నాడు.

సార్ భార్య పొకువా అమ్మ, వేయించిన అరటిపండు ముక్కలు తెచ్చి ఠపీమని పెట్టింది. “తెల్లారిందో లేదో చావు కబుర్లు! ఇంటికి అరిష్టం. మీకు ఇంకో పనే దొరకలేదా?”

“నువ్వూ ఓ ముక్క రాయరాదూ? నీకు తెలియని మనిషా?”

“నేను మొదలెడితే అచ్చాఫీసులో సిరా చాలదు,” అని కొంగుతో కళ్లొత్తుకుంటూ లోపలికి పోయింది.

“అచ్చాఫీసువాళ్లు తారీఖు అడుగుతున్నారు సార్,” అన్నాడు బఫూర్.

“శనివారం అని వేయమను. ఏ శనివారమో కుటుంబ పెద్ద చెప్తాడు. మన ఊళ్లో వాళ్లు తేల్చేలోపు శవానికే విసుగొస్తుంది.”

“ఫోటో?”

“ముప్ఫై ఏళ్ల కిందటిది. నెత్తిన జుట్టున్నది. సెర్వా, నీ కాగితం ఏదమ్మా?”

“బాలేదు సార్.”

“బాగున్నది ఇందాక విన్నాం, నిద్రొచ్చింది. చదువు.”

సెర్వా లేచి నిలబడింది. భయమూ ఉంది, అంతకు మించి కోపమూ ఉంది.

“‘ఆయన పాఠం బాగా చెప్పేవాడు. బెత్తం ఇంకా బాగా వాడేవాడు. పరీక్ష పేపరు పోయిన రోజు అందరి ముందూ నన్ను కొట్టాడు. నేను తీయలేదు. తీసినవాడెవరో ఆయనకి తర్వాత తెలిసింది. అయినా ఊరు నన్ను దొంగ అంటుంటే వింటూ ఊరుకున్నాడు. తప్పు ఒప్పుకోకుండానే వెళ్లిపోయాడు.’”

బఫూర్ నోట్లో అరటిముక్క అలాగే ఉండిపోయింది. ఆచియా సెర్వా చెయ్యి పట్టి కిందికి లాగింది. “మతి పోయిందే నీకు? కూర్చో!” అంది గుసగుసగా.

సెర్వా కూర్చోలేదు.

సార్ చెయ్యి చాచి కాగితం అందుకున్నాడు. మొదటి నుంచీ మళ్లీ చదువుకున్నాడు.

“ఎర్రబట్ట ఆవిడ విసురుకోవడం ఆపుతుంది,” అన్నాడు చివరికి. “ఇదే మొదటి పేజీ. కుటుంబం వాళ్లు గోల పెట్టినా సరే, ఒక్క అక్షరం మారకూడదు. ఆఖరి వాక్యం తప్ప. అది కొట్టేసెయ్.”

సెర్వాకి ఒళ్లు మండిపోయింది. “అదెందుకు సార్ కొట్టేయడం? మిగతావన్నీ నిజాలే, అదొక్కటీ అబద్ధమా?”

“రాసినప్పుడు నిజమే తల్లీ, కానీ నేనింకా పోలేదుగా,” అన్నాడు న్యార్కో సార్, వేడుకునేవాళ్లలా ఎడమ అరచేతిలో కుడిచెయ్యి ఆన్చి ఆ పిల్ల ముందు తల వంచుతూ, “తప్పు నాదే, నన్ను క్షమించు.”