ముట్టుకోకూడని ఫోన్

"ఆ ఫోన్ ముట్టుకున్నావంటే తాళాలివ్వను!"

నర్సమ్మ సూదుల డబ్బాను రెండు చేతులతో గుండెకు అదుముకుంది. డబ్బాలో ఉన్నవి సూదులు కావు, ఓ పాత బటన్ల ఫోన్. ఆ ఫోన్‌లో ఉన్నది ఒకే ఒక్క నంబరు, నది అవతలి దేశంలోని మహిళా శాంతి సంఘానిది. నదికి అటూ ఇటూ దేశాలు రెండైనా మాట్లాడే భాష ఒకటే.

"తాళాలివ్వకపోతే నేను కార్యదర్శినెలా అవుతాను వదినా?" పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే అడిగింది ఆడపడుచు. రేపటి ఊరేగింపు బ్యానరుకు అంచు కుడుతోంది. కింద టైలరింగ్ షాపు ఆవిడది, పైన ఈ గది ఇవతలి శాంతి సంఘానిది. ఏటా డిసెంబర్ ముప్పై ఒకటిన పాత కార్యదర్శి కొత్త కార్యదర్శికి తాళాల గుత్తి అప్పజెప్పాలి. తాళాలు చేయి మారేదాకా పాతావిడ మాటే చెల్లుతుంది.

"ఐదూ ముప్పై ఐదు!" కిటికీ దగ్గర్నుంచి కండక్టరమ్మ కేకేసింది. టైము చెప్పినా సరే, స్టాపు పేరు అరిచినట్టే చెబుతుంది ఆవిడ.

ఆరింటికల్లా ఉత్తరం వెళ్లాలి. రెండు సంఘాలూ మాట్లాడుకుని, ఇద్దరు కార్యదర్శుల పేర్లతో ఒకే ఉత్తరం రెంటికీ పైనున్న ప్రధాన కార్యాలయానికి పంపితేనే ఉమ్మడి కమిటీ కొత్త ఏడాదికి బతుకుతుంది. లేదంటే ఈ సాయంత్రంతో రద్దు. కమిటీ పోతే, రేపు పొద్దున వంతెన మీద రెండు వైపుల ఆడవాళ్లు కలిసి నడవడానికిచ్చిన అనుమతీ పోతుంది. "మధ్యలో మేం మాటలు మొయ్యం. మీరూ మీరూ మాట్లాడుకోండి" అని ప్రధాన కార్యాలయం ఖరాఖండిగా రాసేసింది. శాంతి సంఘాలన్నాక ఆ మాత్రం మాట్లాడుకోలేరా అని వాళ్ల ధీమా.

ఆ ఫోన్ మోగి ఏడాదయింది.

"వాళ్లు చెయ్యనప్పుడు మనమే చెయ్యొచ్చుగా!"

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? ఇటునుంచి ఫోనొస్తే అక్కడ పోలీసులు ఇంటికొచ్చి ఆరా తీస్తున్నారట. మనకేం, ఇక్కడ మనల్ని అడిగే నాథుడు లేడు. మనం హాయిగా నొక్కేస్తాం, అక్కడ వాళ్ల ప్రాణాల మీదికొస్తుంది. వీలు చూసుకుని వాళ్లే చేస్తారు."

"ఆరా తీస్తున్నారని ఎవరు చెప్పారు?"

"అనుకుంటున్నారు."

"ఎవరు?"

"అందరూ!"

"ఐదూ నలభై!"

నర్సమ్మ మూత తీసి చూసుకుంది. ఛార్జింగ్ నిండుగా ఉంది. ఒక్క రోజు తగ్గనిస్తేగా! డ్యూటీకెళ్తే యూనిఫాం జేబులో, వంటింట్లో ఉంటే ఉప్పు సీసా పక్కన, స్నానానికెళ్తే తలుపు బయట స్టూలు మీద. ఏడాదంతా కళ్లల్లో వత్తులేసుకుని ఆ ఫోన్‌ని సాకింది.

"మా అన్నయ్య జ్వరమొచ్చి మూలుగుతుంటే 'ఉష్, ఫోనేమో' అన్నావట. అన్నయ్య ఇంకా చెప్పుకుని ఏడుస్తున్నాడు" అంది ఆడపడుచు.

కండక్టరమ్మ కిసుక్కున నవ్వింది. నర్సమ్మకు నవ్వు రాలేదు.

"నా చేత్తో ఫోన్ చేసి ఆ తల్లుల్ని జైల్లో వేయించమంటావా? చచ్చినా చెయ్యను."

ఆడపడుచు పెదాల మధ్య సూదులు తీసి బ్యానరుకు గుచ్చింది. లేచొచ్చి వదిన ఎదురుగా నిలబడింది.

"ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నీ వార్డులో పేషెంటు బెల్లు కొట్టేదాకా నువ్వు కుర్చీలో కూర్చుంటావా?"

నర్సమ్మ వార్డులో ముప్పై మంచాలు. బెల్లు నొక్కే ఓపిక ఉన్నవాళ్ల గురించి ఆవిడకెప్పుడూ బెంగలేదు. నొక్కలేనివాళ్ల దగ్గరికే ముందు పరుగెత్తేది.

"ఐదూ నలభై ఐదు! అమ్మా, దిగేవాళ్లు దిగండి, ఎక్కేవాళ్లు ఎక్కండి, బండి ఆగదు!"

నర్సమ్మ నడుముకు దోపుకున్న తాళాల గుత్తి లాగి ఆడపడుచు చేతిలో ధబీమని పడేసింది. దాని మీద డబ్బా పెట్టింది.

"పట్టు! ఇక కార్యదర్శివి నువ్వు. వాళ్లకేమన్నా అయిందో, నీ మొహం చూడను."

"చూడకుండా ఎక్కడికి పోతావులే, పక్క వాటాయేగా!" అంటూనే ఆడపడుచు నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టింది. నర్సమ్మ దగ్గరికి జరిగింది. తెలియకుండానే ఆ చేతిని పట్టుకుంది. కండక్టరమ్మ గడియారం మానేసి పరుగెత్తుకొచ్చింది. ముగ్గురి తలలూ ఫోన్ మీద కలుసుకున్నాయి.

ట్రింగ్...

ఒక్క రింగు. అంతే. అవతల ఎవరో ఎత్తారు. హలో అనలేదు. ముందు కుర్చీ పడ్డ చప్పుడు, ఆ వెంటనే వెనకనుంచి ఓ పెద్దావిడ కేక:

"ముట్టుకోవద్దన్నానా! మనం చేస్తే అక్కడ వాళ్ల ప్రాణాల మీదికొస్తుందని ఏడాదిగా చెబుతున్నానా లేదా? పెట్టెయ్ ఫోన్! లేకపోతే తాళాలివ్వను!"

ఫోన్ ఎత్తినావిడ గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"నేను చెయ్యలేదు పిన్నీ, నీ మీదొట్టు! దానంతటదే మోగింది!"