తుంగ్ వారి పాత పుస్తకం

“పుస్తకం ఉందా, లేదా? ఉంటే తెండి. లేకపోతే లేదని చెప్పండి, పేరు కొట్టేసి పోతాను” అన్నాడు పరీక్షాధికారి షాంగ్ మౌలిన్, పట్టిక మీద కుంచె ఎత్తి పట్టుకుని.

తుంగ్ బాయువాన్ నోరు విప్పబోయాడు. నలభై మందికి పిడికిలి విద్య నేర్పే మనిషి, గుంజలాంటి మెడ. అయినా ‘లేదు’ అన్న ఒక్క ముక్క అనలేకపోయాడు. జిల్లా సంఘం పట్టికలో పేరు లేనివాడు రేపటినుంచి విద్య నేర్పకూడదు. రాతపుస్తకం లేని విద్యకు ఆ పట్టికలో చోటు లేదు. బడి మూతపడితే సాధన చేసే ఈ పెరడు ఉప్పు వర్తకుడి గోదాముకి పోతుంది. ఆ పొద్దున ఇదే వీధిలో రెండు బళ్ళు షాంగ్ కుంచె కింద పోయాయి. ఒకాయన పుస్తకాన్ని ఈయన ఉమ్మితో తడిచేసిన బొటనవేలితో రుద్దితే సిరా లేచొచ్చి, అది కొత్త రాతని తేలిపోయిందట.

“ఒక్క నిమిషం” అని బాయువాన్ వంటింట్లోకి వచ్చాడు. అతని భార్య సూచిన్ పొయ్యి ముందు ఉంది. వెదురు బుట్టలో మొక్కజొన్న రొట్టెలు ఆవిరికి ఉడుకుతున్నాయి.

“వెళ్ళి లేదని చెప్పేస్తాను. మా నాన్న చేత్తో చూపించాడు, నేను చేత్తో నేర్చుకున్నాను. మధ్యలో కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“ఇక్కణ్ణుంచి” అంది సూచిన్. పిండి జాడీలో చెయ్యి పెట్టి ఒక గుడ్డ మూట తీసింది. అందులో నల్లబడిన అట్టతో ఓ పుస్తకం.

“ఇదేమిటి?”

“మీ ముత్తాత రాసింది.”

“మా ముత్తాతకి చదువు రాదే.”

“అది బయట కూర్చున్నాయనకి తెలియదుగా. కాస్త నెమ్మదిగా మాట్లాడండి.”

బాయువాన్ పుస్తకాన్ని తిప్పి చూశాడు. “అంచులు ఎలుకలు కొరికాయా?”

“ఎలుకల్ని నమ్ముకుంటే ఎప్పటికవుతుంది? కత్తెరతో చేశాను. కాగితాల్ని అనాస పువ్వు కషాయంలో ముంచి పొయ్యి మీద ఆరబెట్టాను. సంఘం నోటీసు వచ్చిన రోజునుంచీ ఇదే పని.”

“లోపలేం రాశావు?”

“మీరు అరిచిందే. పద్దెనిమిదేళ్ళుగా ఈ కిటికీ అవతల నిలబడి ‘మోచెయ్యి దింపరా, మడమ ఎత్తకురా’ అని అరుస్తున్నారు. నేను కూరలు తరుగుతూ విన్నాను. దాన్నే పద్యాలుగా కట్టాను. పదండి.”

“సూచిన్, పట్టుబడితే పరువు పోతుంది.”

“లేదని చెబితే పెరడు పోతుంది. పరువు నిలబెట్టుకుని ఎక్కడ సాధన చేస్తారు, ఉప్పు బస్తాల మీదా?”

ఆమె చేతులు తుడుచుకుని తనే ముందు నడిచింది.

షాంగ్ పుస్తకాన్ని రెండు చేతులా అందుకున్నాడు. బొటనవేలు తడిచేసి మొదటి పేజీ రుద్దాడు. సిరా కదల్లేదు. పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“అనాస పువ్వు వాసన వస్తోంది.”

“పొయ్యి గూట్లో దాచామండీ. సైనికులు వచ్చినప్పుడల్లా ఇల్లంతా వెతుకుతారు గానీ పొయ్యి జోలికి పోరు” అంది సూచిన్.

ఆయన ఒక్కొక్క పేజీ తిప్పాడు. తొమ్మిదో పేజీలో వేలు ఆగింది.

“‘అగ్గిపుల్ల గీసినట్టు మణికట్టు విసురు.’ ఏమ్మా, మీవారి ముత్తాతగారి కాలానికి అగ్గిపుల్లలు ఉన్నాయా?”

బాయువాన్ మెడ భుజాల్లోకి దిగిపోయింది. గోడవార నిలబడ్డ శిష్యులు నేల చూపులు చూశారు.

“లేవండీ” అంది సూచిన్ తొణక్కుండా. “ఆ కాగితాన్ని చెదలు తినేస్తే మా అత్తగారు తిరగరాసింది. ఆవిడ కాలానికి అగ్గిపుల్లలు వచ్చేశాయి.”

“ఆవిడకి రాత వచ్చా?”

“రాత వచ్చండీ. వంటే రాదు.”

బాయువాన్ తల్లి వంటని వీధి వీధంతా మెచ్చుకునేది. ఆ సమయంలో ఆ మాట ఎత్తడం అతనికి అంత అవసరమనిపించలేదు.

షాంగ్ నవ్వలేదు. “పుస్తకం ఎవరైనా రాయొచ్చు. నేను ఎక్కడో ఒకచోట తెరిచి చదువుతాను. మీరు చేసి చూపించండి. చేతులు ఒక దారినా, పద్యం ఒక దారినా పోయాయో, ఈ పట్టికలో మీరు లేనట్టే.”

“చదవండి” అంది సూచిన్, భర్త బదులు.

ఆయన నడిమధ్య పేజీ తెరిచాడు. “‘వాన వెలిసిన గట్టు మీద నడిచినట్టు పాదం మోపు. భుజం నిద్రపోవాలి, మోచెయ్యి మేలుకోవాలి...’”

ఆ పద్యాన్ని బాయువాన్ పుట్టాక ఎప్పుడూ వినలేదు. అందులో మాటలు మాత్రం తనవే. పాదం తనంతట తనే జారి నిలదొక్కుకుంది, నడుము తిరిగింది, మోచెయ్యి దిగింది. పద్యం పూర్తయ్యేసరికి అతని అరచెయ్యి షాంగ్ గడ్డానికి వేలెడు దూరంలో ఆగి ఉంది. గడ్డం వెంట్రుకలు గాలికి ఊగాయి.

“ఇంకొకటి” అన్నాడు షాంగ్, వెనక్కి జరక్కుండా.

మరో మూడు చదివాడు. మూడుసార్లూ పద్యం కంటే ముందే ఒళ్ళు ఆ భంగిమకి చేరుకుంది.

షాంగ్ పుస్తకం మూశాడు. దాని అట్టని వేలితో ఒకసారి తడిమాడు. తర్వాత కుంచె సిరాలో ముంచి పట్టికలో తుంగ్ వారి పేరు రాసి, పక్కన ఎర్రటి ముద్ర ఒత్తాడు. బాయువాన్ శిష్యుల్ని మళ్ళీ సాధనకి వరసలో నిలబెట్టాడు.

సాగనంపడానికి సూచిన్ ఒక్కతే వీధి తలుపు దాకా వచ్చింది. షాంగ్ పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“తొందరపడ్డావు చెల్లెమ్మా. రెండు నెలలు పావురాల గూట్లో మాగబెట్టాల్సింది. మా ముత్తాత రాసిన పుస్తకాన్ని నేనలాగే మాగబెట్టాను.”